వందలో మన వాటా రెండు మార్కులు

ఏటా ఇంటర్ ఫలితాలు రాగానే మన వాడల గోడల మీద, బస్టాండు హోర్డింగుల మీద కొత్త బొమ్మలు వెలుస్తాయి. టై కట్టిన కుర్రాడు, లాప్‌టాప్ పట్టుకున్న అమ్మాయి, వెనకాల అద్దాల మేడ. కింద పెద్ద అక్షరాల్లో 'జాతీయ ర్యాంకు సాధించిన విద్యాసంస్థ' అని ఉంటుంది. ఒకప్పుడు ఇవి ఇంజనీరింగ్ కాలేజీల బొమ్మలు. ఇప్పుడు బీబీఏ కాలేజీల బొమ్మలు కూడా వచ్చి చేరాయి. ఇంటర్ కాగానే మూడు నాలుగేళ్ళు వ్యాపార నిర్వహణ చదివితే కంపెనీలో మేనేజరు కావచ్చునని ఆశ పెడుతున్నాయి. ఆశపడటం తప్పు కాదు. మన తాతలు దుకాణం గడప తొక్కనివ్వని కాలం చూశారు. వాళ్ళ మనవడు దుకాణాన్ని నడిపే చదువు చదువుతానంటే సంతోషమే.

అయితే 'జాతీయ ర్యాంకు' అనే మాట దగ్గరికి వచ్చేసరికి మన తల్లిదండ్రులు ఇంకేమీ అడగకుండా ఆగిపోతున్నారు. రేషను కార్డు మీద, పట్టా కాగితం మీద ఉండే సర్కారు ముద్ర లాంటిదే ఇదీ అనుకుంటున్నారు. ఆ ముద్ర ఎవరు కొడుతున్నారు? దేన్ని తూచి కొడుతున్నారు? ఆ తూకంలో మనం ఎక్కడున్నాం? ఇది లెక్క చూసుకోవాల్సిన పని. కామందు పద్దులో ఏం రాసుకున్నాడో చదవలేకనే మన పెద్దలు తీరిపోయిన అప్పుకు కూడా పాలేరుతనం చేశారు. ఈ పద్దయినా మనం చదువుదాం.

కేంద్ర విద్యాశాఖ వేసే జాబితాను ఎన్‌ఐఆర్‌ఎఫ్ అంటారు. దీన్ని 2015లో ప్రకటించారు. మొదటి జాబితా 2016లో వచ్చింది, పదోది 2025 సెప్టెంబరులో వచ్చింది. విశ్వవిద్యాలయాలు, ఇంజనీరింగ్, వైద్యం, న్యాయం, మేనేజ్‌మెంట్, డిగ్రీ కాలేజీలు అంటూ విభాగాల వారీగా ర్యాంకులిస్తారు. మేనేజ్‌మెంట్ విభాగంలో 2025లో మొదటి స్థానం అహమ్మదాబాదు ఐఐఎంకు, రెండోది బెంగుళూరు ఐఐఎంకు, మూడోది కోజికోడ్ ఐఐఎంకు వచ్చాయి.

మొదటి మెలిక ఇక్కడే ఉంది. ఈ మేనేజ్‌మెంట్ జాబితాలో పెద్దపీట ఎంబీఏ స్థాయి చదువుది. బీబీఏ ఒక్కదాన్ని విడిగా తూచే జాబితా సర్కారు దగ్గర లేదు. బీబీఏ చెప్పే మామూలు డిగ్రీ కాలేజీ 'కాలేజీలు' అనే విభాగంలో నిలబడుతుంది. అక్కడ బీఏ, బీకాం, బీఎస్సీ అన్నీ కలిపి ఒకే తూకం. అసలు బీబీఏ, బీసీఏ కోర్సులు ఏఐసీటీఈ అజమాయిషీ కిందికి వచ్చిందే 2024-25 విద్యా సంవత్సరం నుంచి. బీబీఏకు విడిగా ర్యాంకులు వేసేది ఇండియా టుడే లాంటి పత్రికలు. కాబట్టి గోడ మీది బొమ్మలో కనపడే ర్యాంకు మన పిల్లవాడు చేరబోయే కోర్సుది కాకపోవచ్చు. ఇంజనీరింగ్ ర్యాంకు తెచ్చి బీబీఏ బొమ్మ కింద అతికిస్తే అడిగేవాడెవడు?

మా మండలంలో ఒక తాపీ మేస్త్రీ కొడుకు అలాగే చేరాడు. రెండు గేదెలు అమ్మారు. చాలక నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారు. చేరిన ఆరు నెలలకు రెండో విడత ఫీజు కట్టమన్నప్పుడు తండ్రి కాగితాలన్నీ సంచిలో వేసుకుని నా దగ్గరికి వచ్చాడు. "మాస్టారూ, దేశంలో ర్యాంకున్న కాలేజీ అన్నారు, గవర్నమెంటు ఫీజు కడుతుందన్నారు, ఇప్పుడు రాదంటున్నారు" అన్నాడు. చూస్తే ఆ ర్యాంకు ఇంజనీరింగ్ విభాగానిది, సీటేమో మేనేజ్‌మెంట్ కోటాది. మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవాళ్ళకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉండదు. ర్యాంకు అక్షరాలు గోడంత పెద్దవి, కోటా అక్షరాలు దరఖాస్తు ఫారం అడుగున చీమ తలకాయంత ఉన్నాయి. ఆ కుర్రాడు చదువుతూనే ఉన్నాడు. తల్లి మాత్రం ఇప్పుడు రెండు చోట్ల పనికి పోతున్నది.

ఇక తూకం సంగతి. మేనేజ్‌మెంట్ విభాగంలో మొత్తం వంద మార్కులు అనుకోండి. చదువు చెప్పడానికీ వనరులకూ 30. పరిశోధనకు 30. పాసైనవాళ్ళ ఫలితాలకు 20. అందరినీ కలుపుకుపోవడానికి 10. పేరుప్రతిష్ఠలకు 10. వినడానికి బాగానే ఉంది. విప్పి చూద్దాం.

చదువు, వనరుల కింద ఏం చూస్తారు? పీహెచ్‌డీ ఉన్న అధ్యాపకులెందరు, అనుభవం ఎంత, ఒక్కో విద్యార్థి మీద కాలేజీ పెట్టే ఖర్చెంత. అంటే డబ్బున్న సంస్థకు అక్కడే మార్కులు పడతాయి. పరిశోధన అంటే అంతర్జాతీయ పత్రికల్లో అచ్చయిన వ్యాసాలు. పొద్దున బీకాం, మధ్యాహ్నం బీబీఏ పాఠాలు చెప్పే జిల్లా కాలేజీ లెక్చరరుకు ఆ వ్యాసాలు రాసే తీరిక ఎక్కడిది? ఫలితాల కింద మధ్యస్థ జీతం చూస్తారు. అంటే ఉద్యోగాలు వచ్చినవాళ్ళ జీతాలను వరసగా పేర్చి సరిగ్గా మధ్యలో నిలబడ్డవాడి జీతం ఎంతో చూడటం. ఆ మధ్యవాడికి కింద ఎవరున్నారు, ఏ వాడ నుంచి వచ్చారు, ఏ జీతానికి ఒప్పుకున్నారు అన్నది ఆ అంకె చెప్పదు.

ఇక అందరినీ కలుపుకుపోవడం. ఇదే మన గది అనుకుంటాం. పది మార్కుల గది. ఇందులో మూడు మార్కులు ఇతర రాష్ట్రాల, ఇతర దేశాల విద్యార్థులు ఉంటే ఇస్తారు. మూడు మార్కులు ఆడపిల్లలు, మహిళా అధ్యాపకులు ఉంటే ఇస్తారు. రెండు మార్కులు వికలాంగులకు వసతులుంటే ఇస్తారు. మిగిలిన రెండు మార్కులు ఆర్థికంగా, సామాజికంగా వెనకబడిన విద్యార్థులవి. పూర్తి ఫీజు తిరిగి పొందేవాళ్ళు ఎందరున్నారన్నది దానికి కొలత.

ఆడపిల్లలకు మూడు ఇవ్వడం న్యాయం. వికలాంగులకు రెండు చాలదు కూడా. ఆ గదిలోనివాళ్ళతో మనకు తగువు లేదు. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఢిల్లీ నుంచో దుబాయి నుంచో పిల్లల్ని తెచ్చుకోగలిగిన కాలేజీకి మూడు మార్కులు. చుట్టుపక్కల ముప్పై ఊళ్ళ కూలీల పిల్లల్ని చేర్చుకుని చదివించే కాలేజీకి మహా అయితే రెండు మార్కులు. పైగా పిల్లలంతా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే కాబట్టి మొదటి మూడు మార్కులూ దానికి దక్కవు. మనల్ని చేర్చుకోవడం ర్యాంకు దృష్టిలో లాభసాటి బేరం కాదన్నమాట. ఇది ఎవరో దురుద్దేశంతో చేశారని నేను అనటం లేదు. తరాజు అలా తయారైంది. తయారుచేసినవాళ్ళ కళ్ళకు మనం ఆనలేదు.

రెండు మార్కులైనా ఉన్నాయి కదా అనుకుందాం. కాలేజీ ఇవ్వాల్సిన వివరాల పట్టికలో మన గడి ఎలా ఉంటుందో చూడండి. 'సామాజికంగా వెనకబడినవారు' అని ఒకటే గడి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అందరినీ కూడి ఒకే అంకె వేస్తారు. ఆ గడిలో మూడు వందలు అని ఉంటే అందులో ఎస్సీలు నూరుమందా, పదిమందా, ఒక్కడూ లేడా? తెలియదు. చెంచు పిల్ల, యానాది పిల్లవాడు ఎక్కడైనా ఉన్నారా? తెలియదు. బీసీ సోదరుల లెక్క కూడా అందులోనే మునిగిపోతుంది. ఊళ్ళో మాలపల్లె, మాదిగగూడెం వేరేగా ఉండాలని పట్టుబట్టేవాళ్ళు, లెక్క దగ్గరికి వచ్చేసరికి అందరినీ ఒకే గంపలో పోశారు. ఎక్కడ వేరు చెయ్యకూడదో అక్కడ వేరు చేస్తారు, ఎక్కడ వేరుగా చూపాలో అక్కడ కలిపేస్తారు.

ఈ తరాజుకు కనపడనివి ఇంకా ఉన్నాయి. అహమ్మదాబాదు ఐఐఎం 2020 నుంచి మేనేజ్‌మెంట్‌లో మొదటి ర్యాంకులో ఉంది. ఆ సంస్థ పీహెచ్‌డీ ప్రవేశాల్లో రిజర్వేషన్ మొదలుపెట్టింది ఎప్పుడు? 2025 ప్రవేశాల నుంచి. అదీ గుజరాత్ హైకోర్టుకు కేసు వెళ్ళిన తర్వాత. దశాబ్దాల పాటు రిజర్వేషన్ లేకుండా డాక్టరేట్లు ఇచ్చుకున్నారు. రాజ్యాంగం అమలు కాని ఆ ఏళ్ళలో కూడా ర్యాంకు ఒక మెట్టు కూడా దిగలేదు. 2019లో అధ్యాపక నియామకాల్లో రిజర్వేషన్ తప్పనిసరి చేస్తూ పార్లమెంటు చట్టం చేస్తే, మమ్మల్ని మినహాయించండి అని ఐఐఎంలు కేంద్రానికి రాసుకున్నాయి. రేపటి బీబీఏ కాలేజీలకు ప్రొఫెసర్లు ఆ పీహెచ్‌డీల నుంచే రావాలి. నారుమడిలోనే మనల్ని పీకేస్తే పొలంలో ఎక్కడ కనపడతాం?

ప్రైవేటు విశ్వవిద్యాలయాల సంగతి మరీ ఘోరం. 2005లో 93వ రాజ్యాంగ సవరణ చేసి, ప్రైవేటు విద్యాసంస్థల్లో కూడా రిజర్వేషన్ పెట్టడానికి 15(5) అధికరణం తెచ్చారు. 2006లో కేంద్ర సంస్థలకు చట్టం చేశారు. ప్రైవేటు సంస్థలకు కేంద్రం చట్టం చెయ్యలేదు. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు ఆ అధికరణం ప్రైవేటు సంస్థలకూ చెల్లుతుందని తేల్చింది. అయినా కేంద్రం కదలలేదు. 2025 ఆగస్టులో విద్యపై పార్లమెంటు స్థాయీ సంఘం పేరుమోసిన ప్రైవేటు విశ్వవిద్యాలయాల లెక్క తీస్తే ఎస్సీ విద్యార్థులు నూటికి ఒక్కరు కూడా లేరని తేలింది. చట్టం తెమ్మని ఆ సంఘం సిఫారసు చేసింది. నూటికి ఒక్కడు కూడా లేని చోటుకు కూడా 'జాతీయ ర్యాంకు' వస్తున్నదంటే, ఆ జాతిలో మనం లెక్కలో లేమన్నమాటే కదా!

ఇక్కడ వ్యాపార విద్య దాటి ఒక్క మాట చెప్పాలి, తూకం ఒక్కటే కాబట్టి. 2016 జనవరి 17న హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. ఫెలోషిప్ డబ్బు అందక, హాస్టల్ నుంచి గెంటేస్తే ఆరుబయట పడుకుని, చివరికి వెళ్ళిపోయాడు. అదే ఏడు ఏప్రిల్‌లో ఎన్‌ఐఆర్‌ఎఫ్ తొలి ర్యాంకులు వచ్చాయి. విశ్వవిద్యాలయాల్లో దానికి నాలుగో స్థానం. అక్కడ చదువు బాగాలేదని నేను అనను. కానీ ఒక పిల్లవాడు ఎందుకు బతకలేకపోయాడన్న ప్రశ్నకు ఆ పట్టికలో గడి లేదు. ఇప్పటికీ లేదు.

చివరి పది మార్కులు పేరుప్రతిష్ఠలవి. ఉద్యోగాలిచ్చే కంపెనీలవాళ్ళనూ విద్యారంగంలోని పెద్దలనూ అడిగి వేస్తారు. పేరు ఎలా పుడుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1913లో బొంబాయిలో సిడెన్‌హామ్ కామర్స్ కాలేజీ పెట్టారు. మన దేశంలో వాణిజ్య విద్యకు అది తొలిమెట్లలో ఒకటి. 1918లో అక్కడ రాజకీయ అర్థశాస్త్రం ప్రొఫెసరుగా చేరినవాడు డాక్టర్ అంబేద్కర్. కొలంబియాలో చదివి వచ్చాడు. ఇతర కాలేజీల విద్యార్థులు కూడా ఆయన పాఠం వినడానికి వచ్చేవాళ్ళు. తోటి ప్రొఫెసర్లు మాత్రం, స్టాఫ్‌రూములో తాము తాగే నీళ్ళ కుండ ఆయన ముట్టుకోకూడదన్నారు. ఆ రోజుల్లో ఎవరైనా ర్యాంకులు వేసి, కాలేజీ ప్రతిష్ఠ ఎలా ఉందని ఆ ప్రొఫెసర్లనే అడిగి ఉంటే ఏం చెప్పేవారు? బ్రహ్మాండం అనేవారు. నీళ్ళ కుండ సంగతి ఎవరు చెబుతారు?

ర్యాంకుల పిచ్చి మనదొక్కటే కాదు. దీనికి పుట్టిల్లు అమెరికా. అక్కడ యూఎస్ న్యూస్ అనే పత్రిక బీబీఏ స్థాయి వ్యాపార విద్యకు విడిగా ర్యాంకులు వేస్తుంది. ఎలా వేస్తుందో తెలుసా? వ్యాపార కళాశాలల డీన్లు, సీనియర్ ప్రొఫెసర్లు ఒకరి కాలేజీకి ఒకరు మార్కులు వేసుకుంటారు, అంతే. మొత్తం ర్యాంకు ఆ మార్కుల మీదే. ఇక అంకెలు అడిగే చోట ఏం జరిగిందో వినండి. ఫిలడెల్ఫియాలో టెంపుల్ యూనివర్సిటీ వారి ఫాక్స్ వ్యాపార కళాశాల ఆన్‌లైన్ ఎంబీఏకు వరసగా మొదటి ర్యాంకు వస్తూ వచ్చింది. పత్రికకు ఇచ్చిన వివరాలు అబద్ధమని 2018లో బయటపడింది. ఆ ర్యాంకు చూసే విద్యార్థులు ఫీజులు కట్టారు. డీన్‌గా పనిచేసిన మోషే పోరాట్‌ను 2021లో కోర్టు దోషిగా తేల్చింది, 2022లో 14 నెలల జైలుశిక్ష వేసింది. మన దగ్గర కూడా కాలేజీలు తమ వివరాలు తామే రాసి ఇస్తాయి. తేడా ఏమిటంటే అక్కడ అబద్ధం రాసినవాణ్ణి కోర్టు బోనులో నిలబెట్టారు.

ఇదంతా చదివి, ర్యాంకున్న కాలేజీలకు పోవద్దంటున్నాడు మాస్టారు అనుకునేరు. నా మాట అది కాదు. పోవాలి. ఐఐఎంలలో చదివినవాళ్ళకు పెద్ద కంపెనీల తలుపులు తెరుచుకుంటున్నాయి, అది నిజం. ఇందూరు ఐఐఎం 2011లోనే ఇంటర్ తర్వాత అయిదేళ్ళ కోర్సు మొదలుపెట్టింది. తర్వాత రోహ్‌తక్, రాంచీ, జమ్మూ లాంటివి ఆ దారి పట్టాయి. వాటిలో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు ఏడున్నర శాతం సీట్లు చట్ట ప్రకారం మనవి. ఢిల్లీలో షహీద్ సుఖ్‌దేవ్ కాలేజీ అని వ్యాపార విద్యకు పేరున్న సర్కారు కాలేజీ ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం 2022 నుంచి సీయూఈటీ అనే పరీక్ష ద్వారా సీట్లిస్తున్నది. అక్కడా రిజర్వేషన్ ఉంది. ఈ సంగతులు మన హాస్టళ్ళ గోడల మీద ఎందుకు ఉండవు? ఫీజు గుంజే కాలేజీ బొమ్మ వాడ దాకా వస్తుంది, హక్కుగా రావాల్సిన సీటు కబురు మాత్రం రాదు. కబురు మోసే పని మనది.

ఎస్సీ విద్యార్థులకు కేంద్రం పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పులు ఇవ్వడం 1944లో మొదలైంది. అప్పుడు బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్లో సభ్యుడు. ఎనభై ఏళ్ళు దాటినా ఆ డబ్బు వేళకు చేతికి రాదు. పక్కన తెలంగాణలో 2025 నవంబరులో రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఇవ్వలేదని ప్రైవేటు కాలేజీలు మూసుకుని కూర్చున్నాయి. సర్కారు కాలేజీకి బాకీ పడుతుంది, కాలేజీ పిల్లవాడి సర్టిఫికెట్ పట్టుకుని కూర్చుంటుంది. ఏ ర్యాంకులోనైనా 'సర్టిఫికెట్లు ఆపని కాలేజీ' అని మార్కు ఉందా?

కాబట్టి ర్యాంకు వేసేవాళ్ళు అడగనివి మనమే అడుగుదాం. ఏ కాలేజీకి పోయినా, చేరకముందే, ఇద్దరు ముగ్గురు కలిసి పోయి ఈ అయిదూ అడగండి. జవాబులు కాగితం మీద రాసుకోండి.

1. మీ ర్యాంకు ఎవరిచ్చారు, ఏ సంవత్సరానిది, ఏ విభాగానిది? మా పిల్ల చేరే కోర్సుదేనా?

2. ఈ సీటు కన్వీనర్ కోటాలోదా, మేనేజ్‌మెంట్ కోటాలోదా? రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా? సర్కారు డబ్బు ఆలస్యమైతే పరీక్ష రాయనిస్తారా, సర్టిఫికెట్ ఇస్తారా?

3. మూడేళ్ళ కిందట ఈ కోర్సులో చేరిన ఎస్సీ, ఎస్టీ పిల్లలెందరు? వాళ్ళలో చివరి పరీక్ష దాకా నిలిచినవాళ్ళెందరు?

4. ఉద్యోగాలు వచ్చినవాళ్ళలో వాళ్ళెందరు? ఎంత జీతానికి?

5. పాఠం చెప్పేవాళ్ళలో మనవాళ్ళెందరు? ఎస్సీ, ఎస్టీ సెల్ ఉందా? ఫిర్యాదు తీసుకునే మనిషి పేరేమిటి?

ఇంకొక పని మన సంఘాలది. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు దరఖాస్తు పెట్టుకున్న కాలేజీ తానిచ్చిన వివరాలను తన వెబ్‌సైటులో అందరికీ కనపడేలా పెట్టాలి. జిల్లాకొకరు చదువుకున్న కుర్రాళ్ళు కూర్చుని ఆ పట్టికలు తీయండి. ఆ ఒక్క గడిలోని అంకెను విడగొట్టి ఇమ్మని, సర్కారు కాలేజీలైతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ప్రైవేటు కాలేజీలైతే అవి అనుబంధంగా ఉన్న విశ్వవిద్యాలయానికి పెట్టండి.

కేంద్ర విద్యాశాఖను మనం అడగాల్సినవి మూడు. ఎస్సీ, ఎస్టీ, బీసీల లెక్క విడివిడిగా మూడు గడుల్లో చూపాలి, అధ్యాపకుల లెక్క కూడా అలాగే. చేరినవాళ్ళతో సరిపెట్టకుండా, మధ్యలో మానేసినవాళ్ళ లెక్క, ఉద్యోగం వచ్చినవాళ్ళ లెక్క ఇవ్వాలి. మూడోది ముఖ్యమైనది. వెనక్కి తీసుకున్న దొంగ పరిశోధనా వ్యాసాలకు 2025 నుంచి మార్కులు కోస్తున్నారు. మంచిదే. మరి ఏళ్ళ తరబడి ఖాళీగా పెట్టిన రిజర్వుడు పోస్టులకు మార్కులు ఎందుకు కొయ్యరు? దొంగ వ్యాసం రాస్తే తప్పు, రాజ్యాంగం రాసిచ్చిన పోస్టు ఎగ్గొడితే తప్పు కాదా? ఎస్సీ అధ్యాపకుడు లేని సంస్థ, ఎస్టీ పిల్ల చేరని సంస్థ మొదటి వరసలో నిలబడలేదని నియమం పెట్టండి. ఏడాది తిరిగేలోపు 'అర్హులు దొరకడం లేదు' అన్న పాట ఆగిపోతుంది. వెతుక్కుంటూ మన వాడలకే వస్తారు.

రెండు మార్కులతో సరిపెట్టుకోమంటే కుదరదు. ఈ వేసవిలో ప్రతి వాడలో ఒక సాయంత్రం ఇంటర్ పిల్లల్ని, వాళ్ళ అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి ఈ లెక్క చదివి వినిపించండి. అప్పు కాగితం మీద వేలిముద్ర పడకముందే ఆ పని జరగాలి.